చిట్యాల సీమలో విపత్తులు: కరువు నుంచి వరద దాకా బడుగుల బతుకు

చిట్యాల జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే దాకా ఇది వరంగల్ జిల్లాలో, పరకాల ప్రాంతంలో భాగంగా ఉండేది. ఇక్కడ నల్లరేగడి, ఎర్రచెలక కలగలిసి ఉంటాయి. రేగడిలో పత్తి, మిర్చి పండుతాయి. చెరువుల కింద, బావుల కింద వరి వేస్తారు. ఈ ప్రాంతపు నీళ్లను చలివాగు మోసుకెళ్లి మానేరులో కలుపుతుంది. వాన తక్కువైతే కరువు, మితిమీరితే వరద. ఈ సీమ చరిత్రలో రెండూ పదేపదే వచ్చాయి.

ఏ విపత్తులోనూ నష్టం ఊరంతటికీ సమానంగా పడలేదు. ఇల్లు ఎక్కడ ఉంది, భూమి ఎవరి పేరున ఉంది, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు అన్న మూడు సంగతులే ఎవరు తేరుకున్నారో, ఎవరు చితికిపోయారో తేల్చాయి. భూమిలేని కూలీలు, కౌలుదారులు, దళితులు, లంబాడీలు, కోయలు, భర్తను పోగొట్టుకున్న స్త్రీలు ప్రతి విపత్తులోనూ ముందుగా దెబ్బతిన్నారు, అందరికంటే ఆలస్యంగా కోలుకున్నారు. చిట్యాల, దాని చుట్టుపక్కల భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ ప్రాంతాల గత నూటయాభై ఏళ్ల అనుభవం దీనికి సాక్ష్యం.

ఊరు, వాడ, నేల

పాత తెలంగాణ ఊళ్లలో గడీ, పటేలు పట్వారీల ఇళ్లు, కోమట్ల ఇళ్లు, కాపుల ఇళ్లు సాధారణంగా ఊరి నడుమ మెరక మీద ఉంటాయి. మాల, మాదిగ వాడలు ఊరి చివర, చాలాచోట్ల నీళ్లు జారే పల్లం వైపు ఉంటాయి. తర్వాతి కాలంలో ప్రభుత్వం కట్టించిన కాలనీలకు కూడా ఊరికి దూరంగా, తక్కువ ధర పలికే నేలే ఎక్కువగా దొరికింది. ముసురు పట్టి నాలుగు రోజులు కురిస్తే ముందు నాని కూలేది మట్టిగోడలే. వాగు ఎదురెక్కితే ముందు నీళ్లు చేరేది పల్లపు వాడలోకే.

పంట భూముల్లోనూ ఇదే వరస. చెరువు తూముకు దగ్గరి మళ్లు పెద్ద పట్టాదారుల చేతిలో ఉండేవి. చివరి తడి అందీ అందని మళ్లు చిన్న రైతులకు మిగిలేవి. భూమిలేని కుటుంబాలకు ప్రభుత్వం లావుణి పట్టాల కింద పంచిన వాటిలో రాళ్ల చెలకలు, వాగు ఒడ్డు సర్కారు భూములు ఎక్కువ. చెరువు నిండకపోతే చివరి మడి ఎండుతుంది, వాగు పొంగితే ఒడ్డు చేను కోసుకుపోతుంది. మంచి నేల, నీటి వసతి ఎవరి చేతిలో ఉన్నాయన్నది విపత్తు రాకముందే తేలిపోయిన విషయం. వాన ఆ తేడాను బయటపెడుతుంది.

కరువు కాలాలు

వరంగల్ సీమలో నీటి కొరతను తట్టుకునే ఏర్పాటు కాకతీయుల నాటిది. రామప్ప, పాకాల, లక్నవరం, గణపసముద్రం వంటి పెద్ద చెరువులు, వాటితోపాటు ఊరూరా కట్టిన గొలుసుకట్టు చెరువులు ఒక ఏడాది వాన లోటును కాచుకునేలా చేశాయి. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండేది. అయితే వరుసగా రెండేళ్లు వానలు తప్పితే చెరువులూ ఎండిపోయేవి. 1876–78 కరువు, 1899–1900 కరువు దక్కనంతటినీ కుదిపేశాయి. 1918లో వానలు తప్పిన ఏడాదే ఇన్‌ఫ్లూయెంజా కూడా విరుచుకుపడింది. తిండి కరువై ఉన్న ఒంటికి ఆ జ్వరాన్ని తట్టుకునే సత్తువ లేకపోయింది.

కరువు వచ్చినప్పుడు గాదెలో గింజలున్న ఆసామి ధర పెరిగే దాకా ఆగగలడు. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే కుటుంబానికి పని ఆగిన రోజే పొయ్యి ఆగుతుంది. పొలంలో పని లేకపోతే గింజలు ఉన్న ఊళ్లోనే ఆకలి ఉంటుంది. 1943 బెంగాల్ కరువును పరిశీలించి అమర్త్యసేన్ 1981లో చెప్పిన మాట కూడా ఇదే. తిండి తగ్గడం కంటే దాన్ని కొనే శక్తి పోవడమే ఎక్కువ మందిని చంపింది, ముందుగా చనిపోయింది పల్లె కూలీలు, జాలర్లు, చిన్న చేతివృత్తులవాళ్లు.

తెలంగాణలో ఆ ఆకలి అప్పుగా మారేది. విత్తనాల వేళ గింజలు తీసుకుని పంట చేతికొచ్చాక ఒకటికి ఒకటిన్నర కొలిచివ్వడాన్ని నాగు అనేవారు. పంట రాకపోతే నాగు మీద నాగు పెరిగేది. తీర్చలేనివాళ్లు తాము గానీ, తమ పిల్లలు గానీ ఆసామి ఇంట్లో జీతానికి కుదిరేవారు. ఈ జీతగాళ్లను అప్పటి ప్రభుత్వ పత్రాలు భగేలాలు అన్నాయి. ఆ ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాల రెగ్యులేషన్ తెచ్చింది. కాగితం మీద గడువు, లెక్క వచ్చాయి గానీ, కరువు ఏడాది తీసుకున్న కొన్ని కుంచాల జొన్నలకు ఏళ్లకేళ్లు చాకిరీ చేయడం ఊళ్లలో ఆగలేదు.

హైదరాబాద్ రాజ్యంలో పల్లెల ఆర్థిక స్థితి మీద ఎస్. కేశవ అయ్యంగార్ 1929–30లో జరిపిన సర్వేలో వరంగల్ జిల్లా కూడా ఉంది. ఆ వెంటనే వచ్చిన ప్రపంచ ఆర్థిక మాంద్యంలో పంటల ధరలు పడిపోయాయి. శిస్తు మాత్రం రొక్కంగా కట్టాల్సిందే. చిన్న రైతుల భూములు సావుకార్ల, దేశ్‌ముఖ్‌ల చేతుల్లోకి జారాయి. నిన్నటిదాకా తనదైన పొలంలో రైతు కౌలుదారుగా, ఆ తర్వాత కూలీగా మారాడు. విపత్తు ఒక్క ఏడాదిదే అయినా దాని ఫలితం తరాల దాకా సాగింది.

కాగితంలోకి ఎక్కని సేద్యం

కౌలుదారు దున్నినంత మాత్రాన పంట అతనిదయ్యే రోజులు కావు అవి. జనగామ ప్రాంతంలోని పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన పొలంలో పంటను విసునూరు దేశ్‌ముఖ్ కాజేయబోగా, ఆంధ్ర మహాసభ కార్యకర్తల అండతో ఆమె దాన్ని ఇంటికి చేర్చుకుంది. అలాంటి పోరాటాల ఒత్తిడితోనే 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అన్న హోదా ఏర్పడింది. 1954–55 ఖాస్రా పహాణీలో ఎవరి భూమి ఎవరి సాగులో ఉందో నమోదైంది. ఆ తర్వాతి పహాణీల్లోనూ పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు మరొక గడి ఉండేవి.

ఆచరణలో రెండో గడి నిండటం అరుదు. కౌలుదారు పేరు రాస్తే భూమి పోతుందని యజమానులు భయపడి కౌలును నోటిమాటకే పరిమితం చేశారు. ఏటేటా పొలం మార్చారు. తెల్లకాగితం మీద సాదాబైనామా రాసుకుని భూమి కొన్న బీద రైతుల పేర్లు కూడా రికార్డుల్లోకి రాలేదు. ఆడవాళ్లు నాటు వేసి, కలుపు తీసి, పత్తి ఏరినా పట్టా మాత్రం మగవాడి పేరునే ఉండేది. ఈ లోటు మామూలు ఏడాదిలో ఎవరికీ పట్టదు. విపత్తు వచ్చి ప్రభుత్వం సాయం పంచే రోజున కాగితం ఉన్నవాళ్లే బాధితులవుతారు. కాగితం లేనివాళ్ల నష్టం లెక్కలోకే రాదు.

1997–98: పత్తి చేలలో పెను నష్టం

1980ల తర్వాత వరంగల్ జిల్లాలో పత్తి వేగంగా విస్తరించింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి వలస వచ్చిన రైతులు భూములు కౌలుకు తీసుకుని పత్తి వేయడం, వాళ్లను చూసి స్థానికులు వేయడం మొదలైంది. ఆ కోస్తా జిల్లాల్లోనే 1987–88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టింది, అక్కడి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ హెచ్చరిక ఇక్కడికి పత్తితోపాటు రాలేదు. చిట్యాల, పరకాల, రేగొండ, శాయంపేట, ఆత్మకూరు ప్రాంతాల్లో జొన్న, పెసర, కంది వేసే చెలకల్లోకి కూడా పత్తి వచ్చింది. మగ్గం, కల్లుగీత, చాకలి పని వంటి కులవృత్తులు సాగక సేద్యంలోకి దిగిన కుటుంబాలు రెండెకరాలు కౌలుకు తీసుకుని పత్తి మీద ఆశ పెట్టుకున్నాయి.

పత్తికి పెట్టుబడి ఎక్కువ. బ్యాంకు అప్పుకు పాసుబుక్కు కావాలి, కౌలుదారుకు అది ఉండదు. అతనికి దిక్కు ఊరి ఫర్టిలైజర్ దుకాణం. దుకాణదారు లెక్క పుస్తకంలో విత్తనాల సంచి, డీఏపీ బస్తా, మందు డబ్బా, చేబదులు నగదు అన్నీ ఒకే పేజీలో ఉద్దెరగా ఎక్కేవి. నెలకు నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ, కొన్నిచోట్ల అంతకుమించి. పంట రాగానే అదే వ్యాపారికి అతను చెప్పిన ధరకే అమ్మాలి. ఏ మందు కొట్టాలో చెప్పేదీ అతనే. విత్తనం, అప్పు, సలహా, అమ్మకం నాలుగూ ఒకే మనిషి చేతిలో ఉండటంతో పంట తప్పితే రైతుకు మరో తలుపు మిగలలేదు.

1997 ఖరీఫ్ ఆ పరీక్ష తెచ్చింది. అదనులో వాన సరిగా పడలేదు, కాపు మీదున్నప్పుడు అకాల వర్షాలు ముంచాయి. పచ్చపురుగు, లద్దెపురుగు విజృంభించాయి. ఏళ్లుగా ఒకే రకం మందులు కొట్టడంతో పురుగులకు వాటిని తట్టుకునే శక్తి వచ్చింది. నకిలీ మందులూ మార్కెట్లో ఉన్నాయి. రైతులు కొట్టిన కొద్దీ మందు ఖర్చు పెరిగింది, పురుగు మాత్రం చావలేదు. ఎకరానికి ఆరేడు క్వింటాళ్లు ఆశించిన చోట ఒకటి రెండు దక్కాయి.

ఆ చలికాలంలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో వందల మంది రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. వరంగల్ జిల్లాలో ఆ సంఖ్య అన్నిచోట్లకంటే ఎక్కువ. చనిపోయినవారిలో అధికులు రెండు మూడు ఎకరాల చిన్న రైతులు, కౌలుదారులు. వెనుకబడిన కులాలవారు, దళితులు, గిరిజనులు వారిలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. అదే పురుగు పెద్ద రైతుల చేలనూ తిన్నది. వాళ్లకు వరి పంట, బ్యాంకు ఖాతా, పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు, అమ్ముకోవడానికి మరో రెండెకరాలు ఉన్నాయి. కౌలుదారుకు ఉన్నది ఆ ఒక్క పంటే.

మిగిలిన కుటుంబాలు, పరిహారం

1998లో ప్రభుత్వం చనిపోయిన రైతుల కుటుంబాలకు లక్ష రూపాయల సాయం ప్రకటించింది. కొంతకాలానికి అది ఆగింది. 2004 జూన్ 1న వచ్చిన 421వ నంబరు జీవోతో మళ్లీ మొదలైంది. కుటుంబానికి లక్ష, అప్పుల పరిష్కారానికి 50 వేలు ఇవ్వాలన్నారు. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో దీన్ని 6 లక్షలకు పెంచారు.

సాయం అందాలంటే మరణం సేద్యపు అప్పుల వల్లేనని మండల, డివిజన్ స్థాయి కమిటీలు నిర్ధారించాలి. భూమి కాగితాలు, అప్పు పత్రాలు చూపాలి. కౌలు నోటిమాట, అప్పు దుకాణం పుస్తకంలో అంకె. ఈ రెండింటికీ రుజువు తేవాల్సింది అప్పుడే భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు. భర్త ఎవరెవరి దగ్గర ఎంత తెచ్చాడో ఆమెకు చాలాసార్లు తెలియదు. అప్పులవాళ్లు మాత్రం దినాలు గడవకముందే గుమ్మంలో నిలబడేవారు. పిల్లల్లో పెద్దది బడి మాని పత్తి ఏరడానికి వెళ్లేది. ఒక రైతు మరణం ఇలా ఆడవాళ్ల, పిల్లల మీదికి మరో విపత్తుగా దిగేది.

జయతీ ఘోష్ అధ్యక్షతన ఏర్పడిన రైతు సంక్షేమ కమిషన్ 2004 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో కౌలుదారులను గుర్తించి సంస్థాగత రుణాలు అందించాలని సూచించింది. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. యజమాని హక్కుకు భంగం లేకుండా కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వడం దాని ఉద్దేశం. తెలంగాణలో ఆ కార్డుల జారీ క్రమంగా నిలిచిపోయింది. 2018లో మొదలైన రైతుబంధు, రైతుబీమా పథకాలు పట్టాదారులకే వర్తించాయి. 2020 ఖరీఫ్ నుంచి రాష్ట్రం ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి తప్పుకుంది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ధరణి భూ రికార్డుల్లో అనుభవదారు గడి లేకుండా పోయింది. 1954–55లో మొదలైన గుర్తింపు అలా చెరిగింది. మూడేళ్లు తిరగకుండానే చిట్యాల మీద తెలంగాణ చరిత్రలోనే అతి పెద్ద వానల్లో ఒకటి కురిసింది.

2023 జూలై 27

2023 జూలై 26 ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 దాకా ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. ఒక్క రోజులో ఇంత వాన తెలంగాణలో అంతకుముందు ఎక్కడా నమోదు కాలేదు. రెండో స్థానం చిట్యాలది, 616.5 మిల్లీమీటర్లు. 2013లో వాజేడులో నమోదైన 517.5 మిల్లీమీటర్ల పాత రికార్డును ఈ రెండూ దాటాయి. రాష్ట్రంలో ఏడాది మొత్తానికి సగటున పడే వాన సుమారు 900 మిల్లీమీటర్లు. అందులో మూడింట రెండు వంతులు చిట్యాల మీద ఒక్క రోజులో పడింది.

భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిలో 27న తెల్లవారకముందే మోరంచవాగు ఊరిని ముంచింది. నిద్రలేచేసరికి నీళ్లు మంచాల దాకా వచ్చాయి. జనం డాబాలెక్కారు, చెట్లెక్కారు. పరకాల–భూపాలపల్లి రోడ్డు మీద లారీలు నీళ్లలో చిక్కుకున్నాయి. పడవలు, హెలికాప్టర్లు వచ్చి జనాన్ని బయటికి తీశాయి. ఊళ్లోవాళ్లు నలుగురు కొట్టుకుపోయారు. దొడ్లలో కట్టేసిన బర్రెలు, ఎడ్లు పలుపు తెంచుకోలేక చనిపోయాయి. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని మింగింది. అక్కడికి వెళ్లే వంతెన కూడా తెగిపోవడంతో ఆ అటవీ గ్రామానికి సాయం చేరడమే కష్టమైంది.

డాబా ఉన్నవాళ్లు పైకెక్కి ప్రాణం దక్కించుకోగలిగారు. రేకుల ఇల్లు, పెంకుటిల్లు ఉన్నవాళ్లకు ఎక్కడానికి చోటు లేదు. ముసలివాళ్లు, నడవలేనివాళ్లు, బాలింతలు మరొకరి భుజం మీద ఆధారపడ్డారు. నీళ్లు తీశాక మిగిలింది బురద, తడిసి ముద్దైన బియ్యపు మూటలు, పనికిరాని పిల్లల పుస్తకాలు. ఆధార్, రేషన్ కార్డు, పాసుబుక్కు నానిపోయిన ఇళ్లలో సాయానికి దరఖాస్తు పెట్టడం కూడా సమస్యే అయింది. వాగుల పక్క చేలల్లో ఇసుక మేటలు వేసింది. కొన్ని చోట్ల పైమట్టి కోసుకుపోయి రాయి తేలింది. మొలక దశలో ఉన్న పత్తి, అప్పుడే వేసిన నాట్లు పోయాయి.

సాయం లెక్క

2022–26 కాలానికి విపత్తు సహాయ నిధి నియమాల ప్రకారం మనిషి చనిపోతే కుటుంబానికి 4 లక్షలు, పాడి ఆవు లేదా బర్రె చనిపోతే 37,500, గొర్రె లేదా మేకకు 4,000 ఇస్తారు. మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000, గుడిసెకు 8,000. పంట మూడో వంతుకు మించి పోతే వర్షాధార సాగుకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000. ఎకరాల్లో చూస్తే ఇవి దాదాపు 3,400, 6,900 రూపాయలు. ఇసుక మేట తీయడానికి హెక్టారుకు 18,000.

ఈ నియమాలు ఎవరినీ పేరు పెట్టి వదిలేయవు. అయినా సాయం ఆస్తిని బట్టి కొలుస్తుంది కాబట్టి ఆస్తి లేనివాళ్లకు తక్కువ అందుతుంది. గుడిసెలో ఉన్న కుటుంబం పోగొట్టుకున్నది తనకున్నదంతా, వచ్చేది 8,000. పంట సాయం పట్టాదారు ఖాతాలో పడితే కౌలు రొక్కం ముందే చెల్లించి, విత్తనం, దుక్కి ఖర్చు పెట్టుకున్న కౌలుదారుకు అది యజమాని దయ మీద అందాలి. జీవనోపాధి దెబ్బతిన్న కుటుంబాలకు ఉపాధి హామీ కూలి రేటున కొద్ది రోజులు సాయమిచ్చే వీలు నియమాల్లో ఉంది. అధికారులు గుర్తించి ధ్రువీకరిస్తేనే అది అమలవుతుంది. పత్తి పోయిన చేలో ఆ ఏడాదంతా ఏరే పని ఉండదు. కూలి ఆడవాళ్లకు అది నాలుగు నెలల ఆదాయం. ఆ నష్టానికి పంచనామా లేదు.

కౌలుదారుకు సాయం చేరవేయడం అసాధ్యమేమీ కాదు. 2023 మార్చిలో వడగళ్ల వానకు పంటలు పోయినప్పుడు మహబూబాబాద్, వరంగల్ జిల్లాల్లోనూ పర్యటించిన అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ఎకరాకు 10,000 ప్రకటిస్తూ, కౌలు రైతులనూ ఆదుకోవాలని చెప్పారు. సాగు చేస్తున్నది ఎవరో ఊరందరికీ తెలుసు. లోపం తెలియకపోవడంలో లేదు, రాయకపోవడంలో ఉంది.

తండాలు, ఎండలు

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానలకు మహబూబాబాద్ జిల్లా మునిగింది. కేసముద్రం దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. మరిపెడ మండలంలో ఆకేరు పొంగి సీతారాం తండాను ముంచింది. లంబాడీ తండాలు పుట్టిందే ఊళ్లకు దూరంగా, పశువుల మేతకు, నీళ్లకు దగ్గరగా. ఆ నీటి దగ్గరితనమే వరదలో ప్రాణం మీదికి తెచ్చింది. రైలు కట్టను రోజుల వ్యవధిలో తిరిగి నిలబెట్టారు. ధాన్యం, బట్టలు, గొడ్లు పోయిన తండా ఇళ్లు నిలదొక్కుకోవడానికి అంతకంటే ఎంతో ఎక్కువ కాలం కావాలి.

ఎండ కూడా ఈ సీమలో విపత్తే. వేసవిలో ఉపాధి హామీ పనికి, మిర్చి కోతకు, ఇటుక బట్టీలకు వెళ్లేవాళ్లకు నీడ ఉండదు, పని మానితే కూలి ఉండదు. వడదెబ్బ మరణం చప్పుడు లేకుండా వస్తుంది, చాలాసార్లు గుండెపోటుగా రాసుకుపోతుంది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మరణిస్తే 4 లక్షల సాయానికి అర్హత కల్పించింది. ఇక్కడా మరణ కారణం సరిగ్గా నమోదైతేనే ఆ అర్హత పనికొస్తుంది.

మారినవి, మారనివి

నూటయాభై ఏళ్లలో మారినవి చాలా ఉన్నాయి. రేషన్ బియ్యం, ఉపాధి హామీ ఉన్నందువల్ల కరువులో పల్లెలు మునుపటిలా ఆకలిచావులు చూడటం లేదు. జీతగాళ్ల వ్యవస్థ చట్టవిరుద్ధమైంది. వరదలో హెలికాప్టరు వస్తుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ సహాయంలో లింగం, కులం, సమూహం, వంశం, మతం పేరిట వివక్ష ఉండరాదని స్పష్టంగా చెబుతోంది.

మారనిది సాయం వెళ్లే దారి. అది ఇంకా పట్టా, పాసుబుక్కు, కుటుంబ పెద్ద పేరు మీదుగానే వెళ్తోంది. అందుకే ఈ సీమ చరిత్ర చెప్పే పనులు కొత్తవేమీ కావు. ఏటా వానకాలం మొదట్లోనే ప్రతి సర్వే నంబరులో సాగుదారు పేరును యజమాని హక్కుకు భంగం లేకుండా గ్రామసభలో నమోదు చేయాలి. పంట బీమా సాగుదారు పేరున ఉండాలి. వాగు ఒడ్డు వాడలకు, తండాలకు మెరక మీద ఇళ్ల స్థలాలు ఇవ్వాలి. పట్టాల్లో భార్య పేరు చేరాలి. పంట నష్టం రాసే రోజునే ఆ చేలో పని పోగొట్టుకున్న కూలీల పేర్లూ రాయాలి. వీటిలో కొన్నింటిని 1950 చట్టం, 2004 కమిషన్, 2011 చట్టం ఏదో ఒక రూపంలో ముందే ప్రస్తావించాయి. అవి అమలైన మేరకే తర్వాతి వరదలో, తర్వాతి కరువులో బడుగుల నష్టం తగ్గుతుంది.